విమానంలోంచి తీసిన గుట్ట

మా అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడేది కాదు. కోపమేమీ లేదు, అది ఆమె పద్ధతి. అల్లుడు ఎదురుగా కుర్చీలోనే కూర్చుని ఉన్నా మాట మాత్రం కూతురికే చెప్పాలి. "అల్లుడు తిన్నడానే?" అని నా భార్య వైపు చూసి అడిగేది. "తిన్న, అత్తమ్మా" అని నేనే జవాబు చెప్పినా వినపడనట్టు ఉండి, కూతురు తలూపాకే తన కంచం ముందు కూర్చునేది. అల్లుడి ముందు కొంగు జారకూడదు, గొంతు లేవకూడదు, అల్లుడు చేసిన పనికి వంక పెట్టకూడదు. ఇన్ని మర్యాదలు మోసే మనిషికి, మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండాల్సి రావడం పెద్ద శిక్ష. ఆమెకు కొడుకులు లేరు. "బిడ్డింట్ల తిని కూసుంటున్న" అన్న మాట పైకి అనేది కాదు గానీ, కూరగాయల సంచి గుమ్మం దాటగానే కత్తిపీట ముందేసుకుని కూర్చోవడంలో ఆ మాట నాకు వినపడేది. కళ్లు సరిగా కనపడకపోయినా వేళ్లతో తడుముకుంటూ బెండకాయలు తరిగేది.

రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేయాలంటే ముందు షుగర్ దిగాలన్నారు. అది దిగేది కాదు. మేం చూడనప్పుడు లడ్డూ తిని, పరీక్షకు పోయే ముందు కాకరకాయ రసం తాగే మనిషికి షుగర్ ఎలా దిగుతుంది? "ఆ డాక్టర్‌కేం తెల్సు" అని విసుక్కునేది. నేను నవ్వేవాణ్ని. తర్వాతి రోజుల్లో, షుగర్ దిగలేదని తెలిసి లోపల్లోపల ఊపిరి పీల్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నాది చిక్కడపల్లిలో చిన్న ఫొటో స్టూడియో. ఇల్లు అశోక్ నగర్ వైపు సందులో. ప్రభుత్వ ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడిందంటే చాలు, హాస్టళ్ల నుంచి పిల్లలంతా వచ్చి నా స్టూడియో ముందు నిలబడేవారు. గోడకు వేలాడే ఒకే ఒక్క కోటును వంతులవారీగా తొడుక్కుని పాస్‌పోర్ట్ ఫొటో దిగేవారు. "అన్నా, జర తెల్లగ చెయ్యరాదే" అని బతిమాలేవారు. తెల్లగా చేసేవాణ్ని. ఇల్లు గడిచింది ఆ ఫొటోలతోనే. నా గర్వం మాత్రం పెళ్లిళ్లలో ఉండేది. మసక వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, స్టాండ్ లేకుండా, మండపం స్తంభానికి భుజం ఆన్చి, ఊపిరి బిగబట్టి నొక్కితే ఫొటో కదిలేది కాదు. నారాయణగూడ ఫంక్షన్ హాళ్లలో "ఆయన చెయ్యి వణకదు" అని చెప్పుకునేవారు. స్టాండ్ మోసుకుని వచ్చే కొత్త ఫొటోగ్రాఫర్లను చూస్తే నాకు నోరు ఊరుకునేది కాదు. "ఏంది తమ్మీ, బ్యాండు మేళమా?" అని ఎకసెక్కాలాడేవాణ్ని.

అత్తమ్మ పుట్టిన ఊరు నగరం దాటి కొంత దూరం పోతే వస్తుంది. ఊరిని ఆనుకుని ఒక గుట్ట. ఇంటంత ఇంటంత బండలు ఒకదాని మీద ఒకటి, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. అన్నిటికంటే పైనున్న చదును బండలో ఒక దొన ఉండేది. రాయిలోనే ఏర్పడిన గుంట. వానకు నిండితే ఎండాకాలం దాకా అందులో నీళ్లుండేవట. పెళ్లికి ముందు మేకల్ని తోలుకుని పైకెక్కి, ఆ నీళ్లలో ముఖం చూసుకుంటూ జడ వేసుకునేదాన్నని చెప్పేది. మోకాళ్లు పట్టేశాక ఆమె మళ్లీ ఎక్కలేదు. కింద నుంచి ఎటు నిలబడి చూసినా ఆ దొన కనపడదు.

2009లో ఆ గుట్టను కంకర మిషన్ వాళ్లకు ఇచ్చేశారనీ, ఒక పక్క నుంచి పేల్చడం మొదలైందనీ, మనుషుల్ని పైకి పోనివ్వడం లేదనీ కబురొచ్చింది. కొన్నాళ్లు అత్తమ్మకు అన్నం సయించలేదు. ఒకరోజు నేను చెప్పులు వేసుకుంటుంటే, వంటింట్లో ఉన్న కూతురికి చెప్తున్నట్టుగా నాకు వినపడేలా అంది.

"అల్లుడు ఫొటోలు తీస్తడు గద. గుట్ట ఉండంగనే ఒక్క ఫొటో తియ్యరాదా. దొన కనవడేటట్టు. మల్ల జన్మల ఏమడగ."

మా ఇంటికి వచ్చాక ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

నారాయణగూడలో నాకంటే పెద్దవాడు, పనిలో కూడా నాకంటే పెద్దవాడు, ఒక ఫొటోగ్రాఫర్ అన్న ఉండేవాడు. అదృష్టం కొద్దీ అప్పుడే ఆయనకు ఒక క్యాలెండర్ పని దొరికింది. మన కొండలు, చెరువులు, పొలాలు చిన్న విమానంలోంచి తీయాలి. కెమెరాకు అడ్డం లేకుండా విమానానికి ఒక పక్క తలుపు ఊడదీసి ఎగురుతారట. నేను అత్తమ్మ మాట చెప్పగానే ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "వెనక సీటు ఖాళీనే ఉంటది తమ్మీ, వచ్చెయ్. తిరిగొచ్చేటప్పుడు మీ అత్తమ్మ గుట్ట మీద ఒక రౌండ్ కొట్టిస్త" అన్నాడు.

ఇక మా ఇంట్లో హడావిడి చూడాలి. మేడ మీద గదుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలు కిరాయికి ఉండేవారు. వాళ్లను మెట్ల మీదే ఆపి అత్తమ్మ చెప్పింది. పాలవాడికి చెప్పింది. "మా అల్లుడు విమానమెక్కుతుండు, నా గుట్ట కోసం" అని. విమానం క్యాలెండర్ కోసం ఎగురుతోంది, నేను వెనక సీట్లో కూర్చునే మనిషినంతే. ఆ మాట చెబుదామనుకుని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ బాగుంది.

ఎక్కేముందు అన్న ఒక జాగ్రత్త చెప్పాడు. "షట్టర్ స్పీడ్ పెంచుకో తమ్మీ. ఇంకోటి, చెయ్యి గానీ మోచెయ్యి గానీ దేనికి ఆన్చకు. ఇంజన్ అదురంత కెమెరాలకొస్తది. గాల్లనే పట్టుకోవాలె." సరేనన్నాను. నాకు కూడా చెప్పాలా అన్నట్టు అన్నాను.

పైకి లేచాక కిందికి చూశాను. పుట్టి పెరిగిన నేలే, కానీ ఎప్పుడూ చూడని నేల. చెరువుల చుట్టూ నీళ్లు తగ్గుతూ పోయిన గీతలు ఒకదాని లోపల ఒకటి కనపడుతున్నాయి. వరి మడుల్లో ఒక్కో మడిది ఒక్కో పచ్చ. బండల నీడలన్నీ ఒకే వైపుకు సాగి పడి ఉన్నాయి. ముందు సీట్లో అన్న నడుముకు బెల్టు బిగించుకుని, మోచేతులు డొక్కలకు అదుముకుని, వీపు కూడా సీటుకు తగలకుండా ముందుకు వంగి తీస్తున్నాడు. మనిషి విమానంలోనే ఉన్నాడు గానీ విమానాన్ని ముట్టుకోవడం లేదు. నేను చూశాను. చూసి కూడా నేర్చుకోలేదు.

గుట్ట వచ్చింది. ఒక పక్క తెల్లగా చెక్కేసి ఉంది. పైలట్ కుడి రెక్క వంచి గుండ్రంగా తిప్పాడు. పైబండ మీద దొన నిండుగా ఉంది, ఆకాశం పడి మెరుస్తోంది. నా కళ్లతో చూశాను. అన్న తన కెమెరాను ఒళ్లో పెట్టేసుకుని, "ఇది నీదే తమ్మీ, తియ్" అని అరిచాడు. గాలి చెంప మీద కొడుతోంది, ఒళ్లంతా తలుపు లేని వైపుకు జారుతున్నట్టుంది. నా మోచెయ్యి తనంతట తానే పోయి తలుపు చట్రానికి ఆనుకుంది. ఊపిరి బిగబట్టాను. పెళ్లిమండపంలో స్తంభానికి ఆనుకున్నంత నిమ్మళంగా అనిపించింది. వరసగా నొక్కుకుంటూ పోయాను. ఈ గాలిలో కూడా ఎంత నిలకడగా పట్టుకున్నానో అని మురిసిపోయాను కూడా.

కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద అన్నీ బాగానే కనపడ్డాయి. స్టూడియోకు వచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే ఒక్కటంటే ఒక్కటి నిలబడలేదు. ప్రతి బండకూ రెండు అంచులు. సీతాఫలం చెట్లు పచ్చటి మరకలు. దొన ఉండాల్సిన చోట ఒక తెల్లటి గీత సాగిపోయి ఉంది. పట్టపగలు స్టూడియో షట్టర్ సగం దించుకుని ఆ ఫొటోలను మళ్లీ మొదటి నుంచి చూశాను. చెయ్యి వణకని వాడు తీసిన ఫొటోలు. విమానం వణుకుతుంటే నా చెయ్యి పోయి దాన్నే పట్టుకుంది.

అన్నకు చెప్పి ఇంకోసారి ఎక్కించమని అడగొచ్చు. ఏ ముఖం పెట్టుకుని అడగను? క్యాలెండర్ పని అయిపోయింది, ఆ విమానం మళ్లీ దొరికేది కాదు. అక్కడ గుట్ట రోజూ తరుగుతూనే ఉంది.

ఇంట్లో అత్తమ్మ ఎదురుచూస్తోంది. ఉన్నవాటిలో కాస్త నయమైనది ఒకటి మెరుపు లేని కాగితం మీద వేశాను, తప్పు కొంత దాగుతుందేమోనని. నా భార్య కవరు తెరిచి చూసి, నన్ను చూసింది.

"ఏందిది?"

"కదిలింది."

తనకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. రెండూ మింగేసి, "అమ్మకు ఏమంత కనవడ్తది. ఇవ్వుండ్రి" అని తీసుకుని లోపలికి వెళ్లింది. మేమిద్దరం కూర్చుని ఏమీ అనుకోలేదు. దాచాలన్న మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. అయినా దాచేశాం.

అత్తమ్మ కిటికీ దగ్గరకు పోయి ఫొటోను ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుంది. వేళ్లతో తడిమింది. "ఇగో, దొన" అంది. ఆమె వేలు పెట్టిన చోట ఉన్నది దొనో కాదో నాకే తెలియదు. కళ్లు తుడుచుకుని, "అల్లునికి చెప్పవే, కొడుకు లేని లోటు లేకుంట చేసిండని" అంది కూతురితో. నేను అక్కడే, ద్వారబంధం దగ్గరే ఉన్నాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

మర్నాడే ఫ్రేము కట్టించమంది. తన గదిలో, తలుపు తీయగానే కనపడే గోడకు పెట్టించుకుంది. ఇక ఆ గది గుమ్మం దాకా వచ్చిన ప్రతి మనిషీ ఆ ఫొటో చూడాల్సిందే. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను చూశాడు. మేడ మీది పిల్లలు ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. చుట్టాలు చూశారు. "మా అల్లుడు విమానమెక్కి తీసిండు" అని చెప్పేది. బిడ్డింట్లో ఉంటున్నవా అని ఎవరైనా అడగబోతే, వాళ్లు నోరు తెరవకముందే ఫొటో దగ్గరకు తీసుకుపోయేది. వచ్చినవాళ్లు ఫొటోను చూసి, తర్వాత ఆమె కళ్లను చూసి, "మంచిగుందమ్మా" అనేవారు. కొందరు వెళ్తూ వెళ్తూ నా వంక ఒక చూపు చూసేవారు. నేను పేపర్ అడ్డం పెట్టుకునేవాణ్ని.

నారాయణగూడ అన్న క్యాలెండర్ ఇవ్వడానికి ఒకరోజు ఇంటికి వచ్చాడు. ఆయన తీసినవి చూస్తే గడ్డిపోచలు లెక్కపెట్టొచ్చు. అత్తమ్మ ఆయన్ని కూడా వదల్లేదు. అన్న ఫొటో ముందు చేతులు కట్టుకుని నిలబడి, "చాలా మంచిగుందమ్మా" అన్నాడు. తర్వాత ఇద్దరం అశోక్ నగర్‌లో చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. చుట్టూ పిల్లలు పుస్తకాలు పట్టుకుని కరెంట్ అఫైర్స్ అప్పజెప్పుకుంటున్నారు. అన్న నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆన్చినవా?"

"ఆన్చిన అన్నా."

అంతే. ఆయన మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అలా ఏళ్లు గడిచాయి. డాక్టర్ దగ్గరకు పోయిన ప్రతిసారీ "ఇంకా ఆగాలి" అనేవాడు, నా భార్య దిగులు పడేది, నేను తనను ఓదార్చేవాణ్ని. ఓదారుస్తూనే ఇంకొన్నాళ్లు గండం తప్పిందనుకునేవాణ్ని. ముసలామె చూపు తిరిగి రాకుండా ఉండాలని కోరుకునేంత నీచుణ్ని కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ని. కోరుకోలేదు. వస్తే ఏమవుతుందోనని మాత్రం భయపడ్డాను.

2014లో షుగర్ దిగింది. డాక్టర్ తేదీ ఇచ్చాడు. ఇల్లంతా సంతోషంగా ఉంటే నేను నారాయణగూడకు పరుగెత్తాను. అప్పటికి అన్న హెలికామ్ కొన్నాడు. నాలుగు రెక్కల చిన్న యంత్రం, కింద కెమెరా. పెళ్లి ఊరేగింపుల మీద తిప్పుతుంటే జనం పెళ్లికొడుకును వదిలేసి దాన్నే చూసేవారు. దాని కెమెరా గాలిలో ఎంత ఊగినా బొమ్మ కదలదు. ఆ కదలనితనం చూడలేక నేను ముఖం తిప్పుకునేవాణ్ని. గుట్ట ఎంత మిగిలి ఉంటే అంతే తీద్దాం, పాతది తీసేసి ఆ ఫ్రేములో కొత్తది పెడదాం అని అన్నను ఊరికి తీసుకుపోయాను.

హెలికామ్ లేచింది. అన్న చేతిలోని తెర మీద మేం చూసింది ఒక గొయ్యి. నిలువుగా కోసిన గోడలు, అడుగున పచ్చటి నీళ్లు, అంచున లారీలు. లారీ మీది టార్పాలిన్ ముడతలు కూడా స్పష్టంగా కనపడుతున్నాయి.

"ఏం తియ్యాలె తమ్మీ?" అన్నాడు అన్న.

"దించెయ్ అన్నా."

తిరిగి వస్తుంటే దారిలో ఇంకో గుట్ట కనపడింది. అవే బండలు, అవే చెట్లు. ఆపమన్నాను. ఎందుకో అన్నకు అర్థమైంది. హెలికామ్ మళ్లీ లేపి తీసిచ్చాడు, కడిగిన అద్దంలా వచ్చింది. స్టూడియోలో ప్రింటు వేసి ఇంటికి తెచ్చాను. నా భార్య దాన్ని చూసి గట్టిగా కూడా అనలేదు. "మా అమ్మకు మా గుట్ట తెల్వదా?" అంది. ఆ ప్రింటును నేనే చింపేశాను. ఆ రోజు తనకు ముఖం చూపించలేకపోయాను.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్లు నల్లద్దాలు, చుక్కల మందు. తర్వాత ఒకరోజు పొద్దున, నేను హాల్లో చాయ్ తాగుతుంటే, ఓరగా వేసిన తలుపు వెనక నుంచి తల్లీకూతుళ్ల మాటలు వినపడ్డాయి. నా భార్య ఆమెకు తల దువ్వుతోంది.

"గిది మొదటి సంది గిట్లనే ఉన్నదానే?"

నా భార్య గాజుల చప్పుడు ఆగింది.

"నా కండ్లే ఇంక కుదురుకోలేదనుకున్న. క్యాలెండర్ల అంకెలు కనవడ్తున్నయి. కిటికీ మీద చీమ కనవడ్తుంది. గిదే కనవడ్తలేదు."

"ఫొటో కదిలిందమ్మా. అప్పుడే కదిలింది."

ఇప్పుడు నన్ను తిడుతుందనుకున్నాను. గ్లాసు పట్టుకుని ఎదురుచూశాను. తిట్టలేదు. పిల్లలు తప్పు చేసి దొరికిపోయినప్పుడు మాట్లాడే గొంతుతో మాట్లాడింది.

"అందరికి చూపిచ్చిన గదనే. సిలిండర్ పిలగానికి గుడ చూపిచ్చిన. వేలు వెట్టి దొన ఇదీ అని చూపిచ్చిన. అయ్యో, పాపం ముసల్దని అందరు లోపట నవ్వుకున్నరేమో. నేనేమొ మా అల్లుడు, మా అల్లుడు అనుకుంట..."

ఇన్నేళ్లూ ఆ గోడ మీద ఉన్నది నా పరువని అనుకున్నాను. నా చెయ్యి, నా పేరు, నా తప్పు. ఆమె ఆ ఫొటోను అడ్డం పెట్టుకుని మా ఇంట్లో తలెత్తుకుని తిరిగిందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. సిగ్గుపడాల్సిన వాణ్ని నేనైతే, సిగ్గుతో చచ్చిపోతున్నది ఆమె.

"అల్లునికి చెప్పకు" అంది మళ్లీ.

"ఏందమ్మా?"

"నేను చూసిన్నని చెప్పకు. సిగ్గువడ్తడు. నా కోసం అంత పైకి పోయిండు, పాపం."

నేను చప్పుడు కాకుండా లేచి బయటి మెట్ల దాకా పోయి, అప్పుడే వచ్చినట్టు చెప్పులు గట్టిగా విడిచి లోపలికి వచ్చాను. అత్తమ్మ కొంగు సర్దుకుంది. "అల్లునికి చాయ్ ఇచ్చినవానే?" అని అడిగింది.

సాయంత్రం మేడ మీది పిల్లలు ఆమె కళ్లు చూడ్డానికి దిగి వచ్చారు. అందరిలో వాగుడుకాయ ఒకతి, "అమ్మమ్మా, ఇప్పుడు నీ గుట్ట ఇంకా మంచిగ కనవడ్తుండొచ్చు గదా?" అంది. నేను హాల్లోనే ఉన్నాను. నేను ఉన్నానని అత్తమ్మకు తెలుసు. ఎప్పటిలా లేచి ఫొటో దగ్గరకు పోలేదు. మంచం మీదే కూర్చుని, అవసరమైన దానికంటే కొంచెం గట్టిగా అంది.

"కనవడ్తుంది బిడ్డా. మా అల్లుడు తీసింది గద, మంచిగ కనవడ్తుంది."

పిల్లలు నవ్వుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయారు. లోపలికి పోయి ఒక్క మాట చెబుదామని లేచాను. అంతలో ఆమె, "పొద్దువోయింది, అల్లునికి అన్నం వెట్టవే" అని కూతురిని కేకేసింది. నా భార్య కంచం పెట్టింది. నేను తల వంచుకుని కూర్చుని తిన్నాను.